టొరంటో తీరం: పోసిన మట్టి, పెరిగిన పేచీ

రేవులు కట్టేవాళ్లకు పాత ఓడ ఎప్పుడూ పనికొస్తుంది. 1933లో విశాఖపట్నం ఓడరేవు తెరుచుకోకముందు, డాల్ఫిన్స్ నోస్ దగ్గర రేవు దారిలో ఇసుక మేట వేయకుండా రెండు ముసలి ఓడల్ని తెచ్చి సముద్రంలో ముంచేశారు. అవే అలలకు అడ్డుగోడ అయ్యాయి. ఇంచుమించు నాలుగు దశాబ్దాల తర్వాత కెనడాలోని టొరంటో అదే ఉపాయం పట్టుకుంది. కాలం చెల్లిన మూడు సరకు ఓడల్ని ఒకదాని వెనక ఒకటిగా ఒంటారియో సరస్సులో ముంచి, వాటి చాటున నీళ్లు నిలకడగా ఉండేట్టు చేశారు. తేడా ఒక్కటే. విశాఖలో కట్టింది వ్యాపారానికి. టొరంటోలో కట్టింది జనం సరదాగా తిరగడానికి.

ఆ చోటు పేరు ఒంటారియో ప్లేస్. 1971 మే 22న తెరిచారు, 2012లో చాలా భాగం మూసేశారు. ఆ స్థలాన్ని ఏం చేయాలన్న తగవు మాత్రం ఇప్పటికీ తెగలేదు. పెద్ద నగరాల్లో నీటి ఒడ్డున ఉన్న వినోద స్థలాలు ఎందుకు పాతబడతాయి, బాగుచేయడం పేరుతో వాటికి ఏం జరుగుతుంది అన్నది తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం.

1967లో మాంట్రియల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ ఒంటారియో ప్రావిన్స్ మంటపానికి మంచి పేరొచ్చింది. అలాంటిదే తమ రాజధానిలో శాశ్వతంగా ఉండాలని అప్పటి ప్రీమియర్ (మన లెక్కలో ముఖ్యమంత్రి) జాన్ రోబార్ట్స్ తలపెట్టాడు. అయితే టొరంటోలో సరస్సు ఉందన్న మాటే గానీ, జనానికి సరస్సు అందేది కాదు. మధ్యలో రైలు పట్టాలు, గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే, గోదాములు. ఒడ్డున చోటు లేదు కాబట్టి నీళ్లలోకే జరగాలన్నారు. నగరంలో పునాదుల కోసం, సొరంగాల కోసం తవ్విన మట్టీ రాళ్లూ తెచ్చి సరస్సులో పోశారు. ద్వీపాలు లేచాయి. నేలా నీరూ కలిపి మొత్తం స్థలం సుమారు 155 ఎకరాలు.

దాన్ని రూపొందించిన వాస్తుశిల్పి ఎబర్‌హార్డ్ జైడ్లర్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. మట్టి మీద బరువైన కట్టడాలు పెట్టడం కంటే నీటి మీద తేలిక కట్టడాలు నిలపడం మేలనుకున్నాడు. సరస్సు అడుగున పాతిన నాలుగేసి ఉక్కు స్తంభాల నుంచి తీగలు దించి, ఐదు చతురస్రపు మంటపాలను ఉట్టిలా వేలాడదీశాడు. వాటిని పాడ్‌లంటారు. కింద అలలు, పైన ప్రదర్శనశాలలు, మధ్యలో వంతెన దారులు. పక్కనే త్రిభుజాల చట్రంతో అల్లిన తెల్లటి గోళం ఒకటి. అదే సినీస్ఫియర్, ప్రపంచంలో మొట్టమొదటి శాశ్వత ఐమాక్స్ థియేటర్.

ఐమాక్స్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. మామూలు సినిమా ఫిల్ము ప్రొజెక్టరులో పైనుంచి కిందికి నడుస్తుంది. ఐమాక్స్‌లో 70 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డంగా నడిపారు. ఒక్కో ఫ్రేముకు 15 రంధ్రాలు. దాంతో బొమ్మ వైశాల్యం మామూలు 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు దాదాపు పది రెట్లయింది. చిక్కేమిటంటే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఆ ఫిల్ము సుమారు 1.7 మీటర్ల వేగంతో పరుగెత్తాలి, ప్రతి ఫ్రేము దగ్గరా ఆగాలి. పాత పద్ధతిలో పళ్లచక్రంతో లాగితే చిరిగిపోతుంది. ఆస్ట్రేలియాకు చెందిన రాన్ జోన్స్ కనిపెట్టిన పద్ధతిలో ఫిల్ము అలలా మడతపడి దొర్లుకుంటూ ముందుకు పోతుంది. ఒక్కో ఫ్రేమునూ సన్నని పిన్నులు సరిగ్గా నిలబెడతాయి, గాలిని పీల్చే ఏర్పాటు దాన్ని కటకానికి అంటిపెట్టి ఉంచుతుంది. సినీస్ఫియర్ తెర మీద మొదట ఆడిన చిత్రం గ్రేమ్ ఫెర్గూసన్ తీసిన ‘నార్త్ ఆఫ్ సుపీరియర్’. 2003లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచినప్పుడు క్యూ కట్టిన వాళ్లలో, ఈ సాంకేతికత తొలి శాశ్వత చిరునామా కూడా ఒక నీటి ఒడ్డేనని తెలిసినవాళ్లు ఎందరో!

పాడ్‌లకూ గోళానికీ ఫొటోలు ఎక్కువ తీశారు. అసలు తెలివి మాత్రం నేలలో ఉంది. ఆ పని మైకేల్ హఫ్‌ది. ప్రకృతి తీరును బట్టి నగరాన్ని కట్టాలని వాదించిన ల్యాండ్‌స్కేప్ నిపుణుడు. బోసిగా ఉన్న కొత్త ద్వీపాల మీద సరస్సు గాలి నిలవనివ్వదని అతనికి తెలుసు. అందుకే మట్టి గుట్టలు లేపి, చెట్ల వరసలు పెట్టి గాలిని విరిచాడు. తీరాన్ని సూటిగా గోడలా కట్టకుండా వంపులు పెట్టి, నీళ్లు లోపలికి వచ్చే చిన్న చిన్న మడుగులు చేశాడు.

ఈ వంపులు అందానికి మాత్రమే పెట్టినవనుకుంటే పొరపాటు. అలలో ఉండే శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. నిలువు గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలతో కలుస్తుంది, గోడ మొదట్లో అడుగును తవ్వేస్తుంది. వాలుగా పేర్చిన బండరాళ్ల మీదైతే రాళ్ల సందుల్లోకి నీరు చొరబడి బలం పోగొట్టుకుంటుంది. అయినా రాళ్లు కదులుతాయి. చలికాలంలో మంచు పలకలు వాటిని తోస్తాయి. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. నీటి ఒడ్డున పోసిన నేలకు నిర్మాణం పూర్తయిన రోజంటూ ఉండదు. ఏటా కొంత డబ్బు, కొంత రాయి, కొంత శ్రద్ధ పెడుతూ ఉండాల్సిందే. బడ్జెట్లు రాసేవాళ్లకు ఈ సంగతి రుచించదు. కొత్తదానికి శిలాఫలకం ఉంటుంది, మరమ్మతుకు ఉండదు.

సరస్సు తన పని తను చేసుకుపోతుందనడానికి టొరంటో చరిత్రలోనే సాక్ష్యం ఉంది. నగరం ముందున్న టొరంటో ద్వీపాలు ఒకప్పుడు నేలను అంటుకుని ఉన్న ఇసుక మేట. తూర్పున స్కార్‌బరో కొండ అంచులు కోసుకుపోయి, ఆ ఇసుక ఒడ్డు వెంట కొట్టుకొచ్చి పేరుకున్నది. 1858లో వచ్చిన తుపాను దాన్ని తెంపి ద్వీపం చేసింది. 2017 మే నెలలో సరస్సు మట్టం సగటు కన్నా దాదాపు 80 సెంటీమీటర్లు పెరిగి ఆ ద్వీపాల్లో వీధులు మునిగాయి, జులై ఆఖరు దాకా సందర్శకులను రానివ్వలేదు. రెండేళ్లకే, 2019లో, మట్టం ఇంకాస్త పైకి పోయింది.

ఇంకో విచిత్రం నీటి చలి. జులైలో హాయిగా ఈత కొట్టిన చోట మర్నాడు కాలు పెట్టలేనంత చల్లగా ఉండొచ్చు. పడమటి గాలి బలంగా వీస్తే, భూభ్రమణం వల్ల పైపొర నీరు గాలికి కుడివైపుకు, అంటే ఉత్తరపు ఒడ్డును వదిలి దక్షిణంగా సరస్సు లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లనీరు ఎగదన్నుకొస్తుంది. ఒక్క రోజులో పది డిగ్రీలకు పైగా పడిపోవడం ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లఫాండ్ విశాఖ తీరంలో వేసవి ముందు గాలులకు ఇలాగే అడుగునీరు పైకి రావడాన్ని వివరించాడు. అక్కడ ఆ నీళ్లతో పోషకాలు వచ్చి చేపలకు మేలు. టొరంటోలో ఆ లోతు చల్లదనాన్ని ఏసీలకు వాడుకున్నారు. 2004 నుంచి ఒడ్డుకు ఐదు కిలోమీటర్ల దూరంలో, 83 మీటర్ల లోతు నుంచి 4 డిగ్రీల నీటిని పైపుల్లో తెచ్చి, నగరం నడిబొడ్డున ఉన్న భవనాలను చల్లబరుస్తున్నారు.

ఇంత బలమైన నీటి పక్కన ఉన్న వినోద స్థలం ఎలా చితికిపోయిందో చూద్దాం. మొదట్లో జనం విరగబడ్డారు. 1972లో ఎరిక్ మెక్‌మిలన్ రూపొందించిన పిల్లల ఆటస్థలం దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. తాళ్ల వలలు, గాలి దిండ్లు, నీటి ఆటలు, పెద్దల అజమాయిషీ తక్కువ. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, ఆలోచనలు మారాయి. గడ్డి వాలు మీద కూర్చుని పాటలు వినే ‘ఫోరం’ అనే బహిరంగ వేదికను 1994లో పడగొట్టి, ప్రైవేటు కంపెనీల పేర్లతో నడిచే పెద్ద సంగీత ప్రాంగణం కట్టారు. ఆదాయం కోసం జారుడు బల్లలు, సవారీలు చేర్చుకుంటూ పోయారు. టికెట్ పెరిగింది, కొత్తదనం తగ్గింది. మంటపాల తీగలకూ వంతెనలకూ తుప్పు పడుతున్నా చేయాల్సినంత చేయలేదు. జనం తగ్గారు, నష్టం వస్తోంది అంటూ 2012 ఫిబ్రవరిలో మూసివేత ప్రకటించారు.

అప్పుడు ఎవరూ అనుకోని సంగతి జరిగింది. టికెట్ పోవడంతో ఆ ద్వీపాలు మామూలు పార్కుగా మారాయి. పొద్దున్నే పరుగు తీసేవాళ్లు, పక్షుల్ని చూసేవాళ్లు, పశ్చిమ ద్వీపం గులకరాళ్ల ఒడ్డున ఏడాది పొడవునా ఈత కొట్టే మొండివాళ్లు వచ్చి చేరారు. హఫ్ నాటించిన చెట్లు అప్పటికి నలభై ఏళ్లు పెరిగి నిండుగా ఉన్నాయి. వినోద స్థలంగా దివాలా తీసిన చోటు, తోటగా తొలిసారి పక్వానికి వచ్చింది.

ఇందులో ప్రభుత్వం చేసిన మంచి పని కూడా ఉంది. తూర్పు కొసన ఒక పార్కింగ్ స్థలం తారు తవ్వి తీసి, 7.5 ఎకరాల్లో ట్రిలియం పార్కు కట్టి 2017లో తెరిచారు. ఆ నేల మూలవాసులైన మిస్సిసాగా ప్రజలను రూపకల్పనలో కలుపుకున్నారు. లోపలికి దారి పెద్ద పెద్ద బండల మధ్య నుంచి సాగుతుంది, గుట్ట ఎక్కితే సరస్సూ నగరమూ రెండూ కనిపిస్తాయి. అదే ఏడాది సినీస్ఫియర్ మళ్లీ సినిమాలు వేసింది. చిన్న అడుగులే గానీ పనిచేశాయి. ఇదే తీరులో ముక్కముక్కగా మిగతాదీ బాగుచేసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది.

2019లో ప్రభుత్వం దారి మార్చి ప్రతిపాదనలు పిలిచింది. 2021 జులైలో పశ్చిమ ద్వీపాన్ని థర్మ్ అనే యూరప్ సంస్థకు ఇస్తున్నట్టు ప్రకటించింది. 2016లో రుమేనియా రాజధాని బుకారెస్ట్ దగ్గర భారీ అద్దాల స్నానవాటిక తెరిచిన సంస్థ అది. లోపల వేడినీటి కొలనులు, తాటి జాతి చెట్లు, జారుడు బల్లలు. బయట మంచు కురుస్తున్నా లోపల ఉష్ణమండలం. టొరంటో చలి సంగతి తెలిసినవాళ్లు ఈ ఆలోచనను వెంటనే కొట్టిపారేయలేరు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సరస్సు ఒడ్డున నిలబడటమే కష్టం, ఇంటిల్లిపాదికీ ఒక వెచ్చని చోటు ఉంటే తప్పేమిటి? చుట్టూ పార్కు, బీచ్ అందరికీ ఉచితంగా ఉంటాయని కూడా ప్రభుత్వం చెబుతోంది.

తగవు వచ్చింది స్నానవాటిక మీద కాదు, అది ఎక్కడ, ఏ షరతుల మీద అన్నదాని మీద. వెచ్చని అద్దాల మందిరానికి సరస్సు అక్కర్లేదు, నగరంలో ఎక్కడైనా నడుస్తుంది. సరస్సు ఒడ్డు మాత్రం ఇంకెక్కడా దొరకదు. 2023 డిసెంబరులో చేసిన ప్రత్యేక చట్టం ఈ స్థలాన్ని వారసత్వ చట్టం పరిధి నుంచి తప్పించింది. అంతకు ముందే ప్రపంచ స్మారక నిధి తన 2020 జాబితాలో, కాపాడాల్సిన స్థలాల్లో ఒకటిగా దీన్ని చేర్చింది. 2024 అక్టోబరులో లీజు పత్రం బయటికొచ్చింది. గడువు 95 ఏళ్లు. అదే నెలలో రాత్రి వేళ యంత్రాలు దిగి, పశ్చిమ ద్వీపం మీద దాదాపు 850 చెట్లను కొట్టేశాయి. డిసెంబరులో ఒంటారియో ఆడిటర్ జనరల్ (మన కాగ్ వంటి వ్యవస్థ) నివేదిక ఇచ్చింది. సంస్థలను ఎంపిక చేసిన తీరు న్యాయంగా గానీ, పారదర్శకంగా గానీ, జవాబుదారీగా గానీ లేదని తేల్చింది. 2019లో 33.5 నుంచి 42.4 కోట్ల డాలర్లు అనుకున్న ప్రభుత్వ ఖర్చు, సైన్స్ సెంటర్‌తో సహా 223.7 కోట్ల కెనడా డాలర్లకు చేరిందని లెక్క కట్టింది.

సైన్స్ సెంటర్ ఇందులోకి ఎలా వచ్చింది? అదో పిట్టకథ, కానీ వదలదగ్గది కాదు. వాస్తుశిల్పి రేమండ్ మోరియామా కట్టిన ఒంటారియో సైన్స్ సెంటర్ 1969 నుంచి నగరం నడిబొడ్డుకు ఈశాన్యాన ఒక లోయలో ఉంది. దాన్ని సరస్సు ఒడ్డుకు తరలిస్తామని ప్రభుత్వం 2023లోనే చెప్పింది. 2024 జూన్ 21న, స్లాబు ప్రమాదకరంగా ఉందంటూ ఉన్నపళంగా మూసేసింది. ఆ పైకప్పులో వాడింది ‘రాక్’ అనే బుడగల కాంక్రీటు పలకలు. సిమెంటు, సున్నం, ఇసుక ముద్దలో అల్యూమినియం పొడి కలిపితే హైడ్రోజన్ పుట్టి ముద్ద పొంగుతుంది. దాన్ని ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తే తేలికైన పలక వస్తుంది. లోపల ఇనుప చువ్వలుంటాయి. పైకప్పు కారి నీరు దిగితే పలక బలహీనపడుతుంది, చువ్వ తుప్పు పట్టినా పైకి కనపడదు. 2023లో ఇంగ్లండ్‌లో వందకు పైగా బడుల్లో భవనాలు మూయాల్సి వచ్చింది దీనివల్లే. మన అపార్ట్‌మెంట్ల గోడల్లో వాడుతున్న ఏఏసీ ఇటుకలు దీని చుట్టాలే, అయితే అవి గోడ నింపడానికి వాడేవి, బరువు మోసే స్లాబులు కావు కాబట్టి కంగారు పడనక్కర్లేదు. టొరంటోలో మోరియామా స్థాపించిన సంస్థ, స్లాబు మరమ్మతుకు తమ సేవలు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చింది. ప్రభుత్వం తీసుకోలేదు. ఇక్కడా అదే వరస: కారుతున్న కప్పును ఏళ్ల తరబడి వదిలేసి, చివరికి ఆ కప్పునే కారణంగా చూపించడం.

ఇదే నగరంలో, ఇదే సరస్సు ఒడ్డున, తూర్పుగా కొద్ది కిలోమీటర్ల దూరంలో దీనికి పూర్తి వ్యతిరేకంగా నడిచిన రెండు కథలున్నాయి.

మొదటిది లెస్లీ స్ట్రీట్ స్పిట్. 1950ల చివర్లో కొత్త రేవుకు అలల అడ్డుకట్ట కోసమని, పడగొట్టిన భవనాల ఇటుకలూ కాంక్రీటూ తెచ్చి సరస్సులోకి ఐదు కిలోమీటర్ల పొడవున పోశారు. ఈలోగా కంటైనర్ ఓడల కాలం వచ్చింది, రేవు అవసరమే లేకుండా పోయింది. అడ్డుకట్టను పట్టించుకునే దిక్కు లేదు. గాలికి దూది గింజలు ఎగిరివచ్చి కాటన్‌వుడ్ చెట్లు మొలిచాయి. పక్షులు చేరాయి. ఇప్పటిదాకా అక్కడ మూడు వందలకు పైగా జాతుల పక్షులు నమోదయ్యాయి. నీటికాకుల కాలనీ ఉత్తర అమెరికాలోనే పెద్దవాటిలో ఒకటి. శిథిలాల మీద తనంతట తానే పెరిగిన ఈ అడవిని చూసి, హోటళ్లూ మెరీనాలూ కడదామన్న ప్రతిపాదనలకు నగరవాసులు అడ్డుపడి పార్కుగా నిలుపుకున్నారు.

రెండోది డాన్ నది. అది సరస్సులో కలిసే చోట ఒకప్పుడు మహా సరోవరాల తీరంలోనే పెద్ద చిత్తడి నేలల్లో ఒకటి ఉండేది. 1912 ప్రణాళిక ప్రకారం దాన్ని పూడ్చి పరిశ్రమలకు ఇచ్చారు, నదిని లంబకోణంలో ఒక కాంక్రీటు కాలువలోకి తిప్పారు. వరద వచ్చినప్పుడు నది మలుపు తిరగలేక ఊరి మీద పడేది. 2017 తర్వాత మూడు స్థాయిల ప్రభుత్వాలు కలిసి 125 కోట్ల డాలర్లతో పని మొదలుపెట్టాయి. పది లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టి తవ్వి, నదికి వంపులు తిరిగే కొత్త ముఖద్వారం చేశారు. 2021లో ఆ తవ్వకాల మధ్య పనివాళ్లకు పచ్చని మొలకలు కనిపించాయి. శాస్త్రవేత్తలు చూస్తే అవి జమ్ము, తుంగ జాతి మొక్కలు. పూడ్చిన చిత్తడి నేలలోని గింజలు గాలీ వెలుతురూ అందని బురదలో దాదాపు వందేళ్లు నిద్రపోయి, మూత తీయగానే లేచాయన్నమాట. వాటిని జాగ్రత్తగా తీసి పెంచి, కొత్త నది ఒడ్డున వాడుకున్నారు. ఆ ఒడ్డునే 2025 జులైలో బీదాసిగే పార్కు తెరిచారు.

మూడు చోట్లా నేల పుట్టుక ఒక్కటే, పోసిన మట్టి. వదిలేసిన చోట అడవి వచ్చింది, తవ్వి సరిదిద్దిన చోట నది వచ్చింది. ఎంతో తెలివితో రూపొందించిన చోట, మరమ్మతు మానేసినందుకు లీజు వచ్చింది.

ఒడ్డు ఎంత బాగున్నా నీరు బాగాలేకపోతే ఏం లాభం? టొరంటో పాత పేటల్లో మురుగునీరూ వాననీరూ ఒకే గొట్టంలో పారతాయి. జోరువాన పడితే గొట్టం పట్టక, కలిసిన నీరు శుద్ధి కాకుండానే నదుల్లోకీ సరస్సులోకీ పొంగుతుంది. 2024 జులై 16న విమానాశ్రయం దగ్గర ఒక్కరోజే దాదాపు 98 మిల్లీమీటర్లు కురిసినప్పుడు అదే జరిగింది. దీన్ని ఆపడానికి నేల లోతున 22 కిలోమీటర్ల సొరంగాలు తవ్వుతున్నారు. వాన నీటిని అందులో దాచి, తర్వాత తీరిగ్గా శుద్ధి కేంద్రానికి పంపుతారు. ఈ సొరంగాలకు ప్రారంభోత్సవ ఫొటోలు రావు, రిబ్బన్ కత్తిరించడానికి అక్కడ ద్వారం కూడా కనపడదు. కానీ తీరాన్ని బాగుచేసే పనుల్లో ఈతగాళ్లకు నిజంగా అక్కరకొచ్చేది ఇదే. కూకట్‌పల్లి నాలా దుర్వాసన దాటుకుని హుస్సేన్‌సాగర్ ఒడ్డున షికారు చేసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

వేసవిలో పిల్లల దగ్గరికని టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్ వెళ్లే అమ్మానాన్నలు నయాగరా చూసి తిరుగు విమానం ఎక్కేస్తుంటారు. ఒక పూట ఈ తీరానికి కేటాయించండి. ట్రిలియం పార్కుకు గానీ, బీదాసిగే పార్కుకు గానీ టికెట్ లేదు. లెస్లీ స్పిట్‌కు శని, ఆదివారాల్లో వెళ్తే పగలంతా తిరగొచ్చు, కార్లను రానివ్వరు కాబట్టి నడక చెప్పులు వేసుకోండి. ఈత సరదా ఉంటే బీచ్ దగ్గర బోర్డు చూసి దిగండి. టొరంటో లెక్క కఠినమైనది: వంద మిల్లీలీటర్ల నీటిలో ఇ-కోలై బాక్టీరియా వంద దాటితే ఈతకు పనికిరాదంటారు. జోరువాన పడ్డాక రెండు రోజులు ఆగడం మంచిది.